జీవుల వర్గీకరణ నేర్చుకుందాం – 4వ పాఠం: మందారం, బెండ, గోంగూర ఒకే కుటుంబమని పువ్వు కోసి తేల్చడం

పోయిన పాఠంలో లక్షణాల పట్టిక గీయడం అయిపోయింది కదా, ఒక పక్క మొక్కల పేర్లు, పైన లక్షణాలు, ఉంటే 1 లేకపోతే 0. అసలు తలనొప్పి పట్టిక గీశాకే మొదలవుతుంది, ఇన్ని లక్షణాల్లో దేన్ని నమ్మాలి దేన్ని పక్కన పెట్టాలి అని. ఈ పాఠం అంతా దాని గురించే, పువ్వులు చేతిలో ఉంటేనే ఎక్కుతుంది కాబట్టి ముందు అవి తెచ్చుకోండి.

కావాల్సినవి: మందారం, బెండ పువ్వు, గోంగూర పువ్వు (తెలంగాణ వాళ్ళు పుంటికూర అనుకోండి), దొరికితే పత్తి పువ్వు, ఇంకా పరాయి మొక్కగా పచ్చిరొట్ట కోసం పొలంలో చల్లే జనుము పువ్వు. మందారం మాత్రం ముద్ద మందారం తేవద్దు, అందులో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోయి ఉంటాయి, లెక్క మొత్తం పాడవుతుంది, ఐదు రేకుల మామూలు మందారమే కావాలి. బెండ పువ్వు పొద్దున విచ్చుకుని ఆ రోజే వాడిపోతుంది కాబట్టి తొందరగా వెళ్ళండి. గోంగూర ఆకు కోసం మళ్ళీ మళ్ళీ కోసే మడిలో పువ్వు దొరకడం కష్టం, విత్తనానికి వదిలేసిన మొక్క ఎవరి దగ్గరుందో కనుక్కోండి. ఒక కొత్త బ్లేడు, ఒక చేతి లెన్స్, అంతే.

ముందు పనికిరాని లక్షణాలు తీసేద్దాం. రంగు అస్సలు నమ్మొద్దు. మన దగ్గర వేసే పత్తి చాలావరకు మొదటి రోజు మీగడ రంగులో పూసి మర్నాటికి గులాబీ రంగుకి తిరుగుతుంది, అదే పువ్వు అదే కొమ్మ. జిగురు? బెండకాయ జిగురు తెలిసిందే, మందారం ఆకు నలిపినా జిగురే, అబ్బ దొరికింది అనుకుంటాం, కానీ బచ్చలి కూడా జిగురే, దానికీ వీటికీ దగ్గర చుట్టరికం ఏమీ లేదు. నార? గోగునార తీసే గోగు గోంగూరకి చాలా దగ్గరి మొక్క, జనుము నుంచి కూడా నార తీస్తారు కానీ జనుము చిక్కుడు కుటుంబం. అంటే మనకి దేనికి పనికొస్తుంది అన్నది చుట్టరికం గురించి పెద్దగా ఏమీ చెప్పదు, ఇది నా అభిప్రాయం కాదు, పట్టిక గీస్తే మీకే కనపడుతుంది.

ఇప్పుడు మందారం తీసుకుని రేకులు ఒక్కోటి పీకేయండి. మధ్యలో ఒక పొడుగాటి గొట్టం మిగుల్తుంది, దాని పై భాగం చుట్టూ సన్న సన్న కాడలు, కాడల చివర పుప్పొడి తిత్తులు. అవన్నీ కేసరాలు, వాటి కాడలు కింద ఒకదానికొకటి అతుక్కుపోయి గొట్టం అయ్యాయి. బ్లేడుతో గొట్టాన్ని నిలువుగా చీల్చండి, లోపల ఇంకో సన్నటి దారం, అది కీలం, పైజామాలో నాడా లాగా గొట్టం లోంచి దూరి పైకి వచ్చి చివర ఐదు చిన్న బుడిపెలు పెడుతుంది. లెన్స్‌తో ఒక పుప్పొడి తిత్తిని చూడండి, చాలా పువ్వుల్లో తిత్తికి రెండు గదులుంటాయి, ఇక్కడ ఒకటే, మూత్రపిండం ఆకారంలో ఉంటుంది. ఇదే పని బెండ పువ్వుకి, గోంగూర పువ్వుకి, పత్తికి చేయండి. గొట్టం పొట్టిదో పొడుగుదో అవ్వొచ్చు, నాలుగింట్లోనూ గొట్టం ఉంటుంది, ఒంటి గది తిత్తులూ ఉంటాయి.

స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ 1753లో మొక్కలన్నిటినీ కేసరాల లెక్కతో తరగతులు కట్టినప్పుడు ఈ అతుక్కున్న కేసరాల వాటిని మోనడెల్ఫియా అని ఒక తరగతిలో పెట్టాడు, పత్తి, మందారం అన్నీ అందులోకే వచ్చాయి. ఇంటర్ బోటనీలో ఏకబంధక కేసరాలు అని చదివింది ఇదే. అయితే ఆయన పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది, అది తెలియాలంటే జనుము పువ్వు విప్పండి.

జనుములో పది కేసరాలుంటాయి, చిక్కుడు, బఠాణీల్లో తొమ్మిది కలిసి ఒకటి విడిగా ఉంటుంది కానీ జనుములో పదీ కలిసిపోయి ఉంటాయి! అంటే "కేసరాలు కలిశాయా" అన్న ఒక్క ప్రశ్నే అడిగితే జనుము వచ్చి మందారం పక్కన కూర్చోవాలి. లిన్నేయస్ కూడా జనుముని ఆ తరగతిలో పెట్టలేదు, చిక్కుడు జాతులతోనే ఉంచాడు, తన రూలు తనే పక్కన పెట్టాడన్నమాట, నాకైతే అది ఆయన చేసిన మంచి పని అనిపిస్తుంది. ఎందుకంటే మిగతావన్నీ చూడండి: జనుము పువ్వులో రేకులు సమానంగా లేవు, పైన ఒక పెద్దది, పక్కన రెండు, అడుగున రెండు కలిసి పడవలా, కేసరాల గొట్టం పూర్తి గొట్టం కాదు పై వైపు చీలి ఉంటుంది, తిత్తులు రెండు రకాలు, కాయ కోస్తే ఒకటే గది, గింజలు ఒక అంచుకి వేలాడతాయి. బెండకాయ అడ్డంగా కోస్తే? ఐదు గదులు (కొన్ని రకాల్లో ఎక్కువ), గింజలు మధ్యలో అతుక్కుని ఉంటాయి. ఒక లక్షణం ఒంటరిగా మోసం చేస్తుంది, ఒకదానికొకటి సంబంధం లేని మూడు నాలుగు లక్షణాలు ఒకే మాట చెప్తే అప్పుడు నమ్మొచ్చు.

సరే, ఇప్పుడు కుటుంబం తేలింది, మాల్వేసి, అంటే మందారం కుటుంబం. ఇక్కడ చాలామంది గందరగోళం పడతారు. గుంపులోకి ఎవరు వస్తారో చెప్పే లక్షణం వేరు, గుంపు లోపల ఎవరు ఎవరో చెప్పే లక్షణం వేరు. గొట్టం అందరికీ ఉంది కాబట్టి బెండని గోంగూర నుంచి విడదీయడానికి దానితో పని జరగదు. దానికి పువ్వు అడుగుకి వెళ్ళాలి. ఆకుపచ్చ రక్షక పత్రాల కింద ఇంకో వరస చిన్న ఆకులు కనపడతాయి చూడండి, నేను దాన్ని కింది వరస అంటాను. రోడ్ల పక్కన పెరిగే తుత్తురుబెండని కూడా కలిపి నేను రాసుకున్న కీ (ఒక్కో మెట్టులో లక్షణం చూసుకుంటూ మొక్క పేరు తేల్చుకునే జాబితా) ఇది:

1. కింది వరస లేదు, కాయ ఎండాక ముక్కలు ముక్కలుగా విడిపోతుంది: తుత్తురుబెండ. కింది వరస ఉంది: 2కి వెళ్ళండి.
2. కింది వరసలో మూడే ఆకులు, వెడల్పుగా, అంచులు చీలికలు చీలికలుగా: పత్తి. నాలుగు కంటే ఎక్కువ, సన్నగా: 3కి వెళ్ళండి.
3. రక్షక పత్రాలు ఒక పక్కన చీలి, రేకులు రాలేటప్పుడు వాటితో పాటే ఊడిపోతాయి: బెండ. ఊడవు: 4కి వెళ్ళండి.
4. గొట్టం రేకుల్ని దాటి బయటికి వేలాడుతుంది: మందారం. రేకుల లోపలే ఉంటుంది, రక్షక పత్రాలు కాయ చుట్టూ మందంగా మిగుల్తాయి: గోంగూర.

మూడో మెట్టు చిన్నదే కానీ దాని వెనక కథ ఉంది. లిన్నేయస్ బెండని కూడా మందారం ప్రజాతిలోనే (ప్రజాతి అంటే కుటుంబం లోపల దగ్గరి జాతుల చిన్న గుంపు), హైబిస్కస్‌లోనే పెట్టాడు, ఈ చీలి ఊడిపోయే రక్షక పత్రాలున్న ఏబెల్మాస్కస్ అనే వేరే ప్రజాతిలోకి బెండని 1794లో మోయెంక్ అనే వృక్షశాస్త్రవేత్త మార్చాడు. ఇప్పుడు డిఎన్ఏ చూస్తే ఆ బెండ గుంపు మళ్ళీ మందారాల మధ్యలోకే వచ్చి పడుతోంది, దాని సంగతి వచ్చే పాఠంలో.

ఇంక పెద్ద గుంపు సంగతి కొంచెం. బెంథామ్, హుకర్ అనే ఇద్దరు బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్తలు (1862–83) వీటి చుట్టాల్ని మూడు కుటుంబాలు చేశారు: గొట్టం, ఒంటి గది తిత్తి ఉంటే మాల్వేసి, గొట్టం ఉండి రెండు గదులుంటే స్టెర్కూలియేసి, కేసరాలు విడివిడిగా ఉంటే టీలియేసి. మన కాలేజీల్లో హెర్బేరియం షీట్లు (ఎండబెట్టిన మొక్కలు అతికించిన కాగితాలు) చాలాచోట్ల ఇప్పటికీ ఈ లెక్కనే సర్దుతారు. తపసి చెట్టు స్టెర్కూలియేసిలో ఉండేది, మన్యంలో గిరిజనులు దాని బంక తీసి జీసీసీకి (గిరిజన సహకార సంస్థకి) అమ్ముతారు, ఆ చెట్టుకి శాస్త్రీయ నామం పెట్టిన రాక్స్‌బరో 18వ శతాబ్దం చివర్లో సామర్లకోటలో తోట పెంచినవాడే. గోదావరి జిల్లాల్లో కొబ్బరి తోటల్లో వేసే కోకో కూడా స్టెర్కూలియేసిలోనే ఉండేది. జనపనార మొక్క (జూట్, మన జనుము కాదు) టీలియేసి. బూరుగు, గోల్కొండ నయా ఖిల్లాలో ఉన్న పెద్ద బావోబాబ్ చెట్టుని తర్వాత వాళ్ళు బాంబకేసి అని నాలుగోది చేశారు.

1990ల్లో పత్రహరితం ఉండే భాగంలోని జన్యువులు చదివితే ఈ గోడలు నిలబడలేదు, 1998లో ఏపీజీ అనే వృక్షశాస్త్రవేత్తల బృందం నాలుగింటినీ ఒకే మాల్వేసిలో కలిపేసింది. ఎందుకు నిలబడలేదో ఆలోచించండి: టీలియేసిలో వేసినవాటికి ఉమ్మడిగా ఉన్నదేంటి? గొట్టం లేకపోవడం. గొట్టం రాకముందు పాత మొక్కలన్నిటికీ ఉండే స్థితి అది, అది చూసి వీళ్ళంతా దగ్గరి వాళ్ళు అనలేం. కొత్తగా వచ్చిన లక్షణం పంచుకుంటేనే చుట్టరికానికి సాక్ష్యం. మీ పట్టికలో 0లు కలిశాయని గుంపు కట్టకండి, 1లు కలిస్తే కట్టండి, అదీ ఆ 1 కొత్తగా వచ్చిందని తేలితేనే. తేల్చడం ఎలాగంటే గుంపుకి బయటి మొక్క ఒకటి తెచ్చి దాన్లో ఏముందో చూడాలి, జనుము తెమ్మన్నది అందుకే.

ఈసారి హోంవర్క్: గంగరావి పువ్వు తెచ్చి నా కీలో పెట్టి చూడండి. దాని కింది వరస మొగ్గలో ఉండి త్వరగా రాలిపోతుంది కాబట్టి విచ్చిన పువ్వు చూస్తే కీ మిమ్మల్ని తుత్తురుబెండ దగ్గరికి పంపేస్తుంది, అది తప్పు. కీలో ఏ మెట్టు మార్చాలో, ఎక్కడ కొత్త మెట్టు వేయాలో మీరే రాయండి, మొగ్గ, పువ్వు, కాయ మూడూ చూసి రాయండి. దొరికినవాళ్ళు బూరుగు పువ్వు కూడా కోసి కేసరాలు ఎన్ని కట్టలుగా ఉన్నాయో లెక్కపెట్టి పట్టికలో కలపండి, 5వ పాఠంలో ఆ పట్టికతోనే ఎవరు ఎవరికి దగ్గరో చూపే చుట్టరికాల చెట్టు బొమ్మ గీస్తాం.