ఆన్‌లైన్‌లో పిల్లల జాగ్రత్త – 4వ పాఠం: కత్తెరతో లింకు చదవడం

ముందు 3వ పాఠంలో ఇచ్చిన ఇంటిపని సరిచూడండి. పిల్లల చేత వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్, అందులో టూ స్టెప్ వెరిఫికేషన్ తెరిపించండి. 6 అంకెల పిన్ పెట్టే ఉంటారు. రికవరీ ఈమెయిల్ అడిగిన చోట మాత్రం చాలామంది స్కిప్ కొట్టేస్తారు. ఈమెయిల్ ఇవ్వకుండా పిన్ మరిచిపోతే మార్చుకోవడానికి 7 రోజులు ఆగాలి. ఇప్పుడే ఇప్పించేయండి.

ఇవాళ్టి పాఠం లింకు చదవడం. 8 నుంచి 10వ తరగతి పిల్లలకు, సుమారు 45 నిమిషాలు. ఒక్కొక్కరికి 2 సెంటీమీటర్ల వెడల్పున ఏ4 కాగితం నుంచి కత్తిరించిన పట్టీలు 6, మొన లేని కత్తెర ఒకటి, ఎరుపు, ఆకుపచ్చ పెన్సిళ్లు కావాలి. మొదటి అరగంట ఫోన్లు ఇంకో గదిలో ఉండాలి. చేతిలో ఫోను ఉంటే కన్ను చదివేలోపే వేలు నొక్కేస్తుంది.

'తెలియని లింకు నొక్కకు' అని చెప్పి ఊరుకుంటే చాలదా అంటే, చాలదు. బెంగళూరులో చదివే పిల్లవాడికి స్కూలు గ్రూపులో గూగుల్ ఫామ్ వస్తుంది, ట్యూషన్ సారు వీడియో లింకు పంపుతారు, అపార్ట్‌మెంట్ గేటు దగ్గర క్యూఆర్ కోడ్ ఉంటుంది. అవన్నీ వాడికి తెలియని లింకులే, అన్నీ నొక్కాల్సినవే. రోజూ తప్పక మీరాల్సిన నియమాన్ని పిల్లలు నియమంగా లెక్కపెట్టరు. చదవడం నేర్పితే ఏది నొక్కాలో, ఏది వదలాలో వాళ్లే చూసుకుంటారు.

మెసేజ్ ముందు, లింకు తర్వాత

పిల్లలకు ఈ మెసేజ్ చదివి వినిపించండి: 'మీ గత నెల కరెంటు బిల్లు అప్‌డేట్ కాలేదు. ఈ రాత్రి 9.30కి మీ ఇంటి కరెంటు ఆపేస్తాం. వెంటనే ఈ లింకు తెరవండి.' బెంగళూరులో కరెంటు ఇచ్చే సంస్థ బెస్కామ్ పేరుతో వచ్చిందనుకోమనండి. లింకు జోలికి పోకుండా మూడు ప్రశ్నలు అడగండి.

ఎవరి నంబరు నుంచి వచ్చింది? మామూలు 10 అంకెల మొబైల్ నంబరైతే అక్కడే ఆగాలి. సంస్థలు పంపే ఎస్ఎంఎస్‌లకు నంబరు బదులు అక్షరాల పేరు ఉంటుంది. చివర చిన్న గీత పెట్టి ఒక అక్షరం వస్తుంది. ప్రభుత్వానిదైతే జీ, సేవలదైతే ఎస్, ప్రకటనదైతే పీ.

మన అకౌంట్ ఐడీ ఉందా? బెస్కామ్ కాగితపు బిల్లు మీద అకౌంట్ ఐడీ, ఆర్ఆర్ నంబరు (కనెక్షన్ నంబరు) రెండూ ఉంటాయి. ఇంట్లో ఉన్న పాత బిల్లు తెప్పించి వాటి కింద ఎర్ర పెన్సిల్‌తో గీత గీయించండి. మోసగాడికి ఈ నంబర్లు సాధారణంగా తెలియవు. అందుకే 'ప్రియమైన వినియోగదారుడా' అని మొదలుపెడతాడు.

అసలు ఆ మెసేజ్ మనకెందుకు వచ్చింది? మారతహళ్లి, కేఆర్ పురం వైపు అద్దెకుండే తెలుగు ఇళ్లలో చాలా మీటర్లు ఓనరు పేరు మీదే ఉంటాయి. బెస్కామ్ దగ్గర మన ఫోన్ నంబరు ఇచ్చి ఉండకపోతే మెసేజ్ మనకు రాకూడదు. కర్ణాటక ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం గృహజ్యోతి కింద సున్నా బిల్లు వచ్చే ఇంటికైతే బాకీ అన్న మాటే అతకదు. ఈ మూడో ప్రశ్న పిల్లలు తమంతట తామే వేసేదాకా ఓపిక పట్టండి. ఇంకా సందేహం తీరకపోతే బెస్కామ్ నంబరు 1912కి ఫోన్ చేయాలి. మెసేజ్‌లో ఇచ్చిన నంబరుకు చేయకూడదు.

కత్తెర పని

కింది అడ్రసులు ఇక్కడ తెలుగులో ఉన్నా, పట్టీల మీద ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే రాయించాలి. తెర మీద అలాగే కనిపిస్తాయి కాబట్టి.

మొదటి పట్టీ: హెచ్‌టీటీపీఎస్://బెస్కామ్.కర్ణాటక.గవ్.ఇన్/బిల్లు

మొదట్లో వచ్చే జంట గీతల దాకా పెన్సిల్‌తో కొట్టేయించండి. ఆ తర్వాత కుడివైపుకు వెళ్తే మొదట తగిలే ఒంటి ఏటవాలు గీత (/) దగ్గర కత్తిరించి, కుడి ముక్క పారేయమనండి. మిగిలిన ముక్కను కుడి చివర నుంచి వెనక్కి చదవాలి. చివర గవ్.ఇన్, కో.ఇన్, ఏసీ.ఇన్ లాంటి జంట ఉంటే రెండూ కలిపి ఒకటిగా లెక్క. కామ్, షాప్, టాప్ లాంటివైతే అదొక్కటే. దానికి ఎడమ పక్కన ఉన్న ఒక్క మాటను కలిపి ఆకుపచ్చ రంగు వేయించండి. ఇక్కడ 'కర్ణాటక.గవ్.ఇన్' పచ్చగా మిగులుతుంది. ఆ సైటు యజమాని పేరు అదే. గవ్.ఇన్ ప్రభుత్వ సంస్థలకు తప్ప ఎవరికీ ఇవ్వరు.

రెండో పట్టీ: హెచ్‌టీటీపీఎస్://బెస్కామ్.కర్ణాటక.గవ్.ఇన్.పేబిల్.షాప్/లాగిన్

పాఠం మొత్తంలో గట్టి చిక్కు ఇదే. పిల్లలు ఎడమ నుంచి చదువుకుంటూ వస్తారు, గవ్.ఇన్ కనిపించగానే 'గవర్నమెంటుదే' అని ఆగిపోతారు. కత్తిరించి వెనక్కి చదివితే పచ్చరంగు 'పేబిల్.షాప్' మీద పడుతుంది. దాని ముందున్న మాటలన్నీ ఆ సైటువాడు తన ఇష్టం వచ్చినట్టు రాసుకున్నవే. అర్థం కాని పిల్లలకు ఉత్తరం కవరు చూపించండి. కవరు మీద ఊరి పేరు చివర్లో రాస్తాం. మారతహళ్లిలో ఇల్లు కట్టుకుని గేటు మీద 'అనంతపురం నిలయం' అని రాసుకుంటే ఆ ఇల్లు అనంతపురానికి పోదు. ఈ ఒక్క పట్టీకి పది నిమిషాలు పట్టినా ఫరవాలేదు.

మూడో పట్టీ: హెచ్‌టీటీపీఎస్://బెస్కామ్-కర్ణాటక.టాప్/గవ్.ఇన్

కత్తెర పడగానే గవ్.ఇన్ చెత్తబుట్టలోకి పోతుంది. అడ్డగీత (-) చుక్క కాదనీ, రెండు మాటలను కలిపి ఒకే పేరు చేస్తుందనీ చెప్పండి.

నాలుగో పట్టీలో గవ్.ఇన్ తర్వాత ఎట్ గుర్తు (@), దాని వెనక ఇంకో పేరు రాయించండి. మొదటి ఒంటి గీతకు ముందే ఎట్ గుర్తు వస్తే, దానికి ఎడమనున్నదంతా కొట్టేయాలి. గీత తర్వాత వస్తే భయం లేదు, యూట్యూబ్ ఛానళ్ల అడ్రసుల్లో అది మామూలే.

ఐదో పట్టీలో బెస్కామ్ ఇంగ్లీషు స్పెల్లింగులో చివరి ఎమ్ బదులు ఆర్, ఎన్ పక్కపక్కన రాయించండి. పట్టీని చేయి చాచినంత దూరంలో పెట్టి చూడమంటే తేడా తెలియదు. చిన్న ఎల్, పెద్ద ఐ కూడా ఇలాగే మోసం చేస్తాయి. దీనికి కత్తెర పనికిరాదు. డబ్బు, పాస్‌వర్డ్ ఉన్న సైటైతే లింకు వదిలేసి అడ్రసు స్వయంగా టైపు చేయాలి, లేదా ఫోనులో ముందునుంచీ ఉన్న యాప్ తెరవాలి.

ఆరో పట్టీ బ్యాంకుది. రిజర్వు బ్యాంకు 2025లో బ్యాంకులన్నిటినీ బ్యాంక్.ఇన్ అనే చివరి పేరుకు మారమంది. దాన్ని బ్యాంకులకే ఇస్తారు. గవ్.ఇన్‌లాగే దీన్నీ జంటగా లెక్కపెట్టించండి.

'తాళం గుర్తు ఉంది కదా' అని ఒక పిల్లవాడైనా అంటాడు. దారిలో ఇంకెవరూ చదవలేరని మాత్రమే తాళానికి అర్థం. అవతలి మనిషి మంచివాడని కాదు. దొంగ సైటుకూ తాళం ఉచితంగా దొరుకుతుంది. జనం దాన్ని అపార్థం చేసుకుంటున్నారనే క్రోమ్ 2023లో ఆ గుర్తు మార్చేసింది.

ఇప్పుడు ఫోన్లు తెప్పించండి

వాట్సాప్‌లో లింకు పైన వచ్చే బొమ్మను, పెద్దక్షరాల పేరును చూడొద్దనండి. వాటిని మోసగాడు తనకు కావలసినట్టు పెట్టుకోగలడు. కింద ఉన్న అడ్రసునే చదవాలి. జీమెయిల్‌లో నీలిరంగు మాట ఒకటి, వెనక అడ్రసు ఇంకొకటి ఉండొచ్చు. వేలు పెట్టి అలాగే పట్టుకుంటే అసలు అడ్రసు కనిపిస్తుంది. క్యూఆర్ కోడ్ అయితే కెమెరా మొదట అడ్రసు చూపి ఆగుతుంది, కత్తెర పని ఆ క్షణంలో మనసులో చేయాలి. డబ్బు కట్టే క్యూఆర్ అయితే తెర మీద వచ్చే పేరు దుకాణం పేరుతో సరిపోయిందా అని అడగాలి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికో, బ్యాలెన్స్ చూసుకోవడానికో కొట్టాలి. డబ్బు రావడానికి పిన్ అడిగితే అది మోసమే.

మెసేజ్‌లో లింకు బదులు ఏపీకే ఫైలు (ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) వస్తే చదవడానికేమీ లేదు, తెరవకూడదు. ట్రాఫిక్ చలానా అని, పెళ్లి పిలుపు అని పేర్లు పెట్టి పంపుతున్నారు. ఇన్‌స్టాల్ చేసి అనుమతులు ఇస్తే అది మన ఎస్ఎంఎస్‌లు చదివి ఓటీపీలు అవతలికి చేరవేస్తుంది. చలానా నిజంగా ఉందో లేదో పరివాహన్.గవ్.ఇన్ సైటులో బండి నంబరుతో చూసుకోవచ్చు.

క్లాసు గ్రూపులో వేసేముందు

ఉచిత లాప్‌టాప్, స్కాలర్‌షిప్ లింకులు పిల్లల గ్రూపుల్లో ఎక్కువగా తిరుగుతాయి. తెలియనివాడు పంపితే అనుమానించే పిల్లలు స్నేహితుడు పంపితే నొక్కేస్తారు. అంటే ఫార్వర్డ్ చేసినవాడు ఆ లింకుకు తన పేరు జామీను పెట్టినట్టే. జంట బాణాల గుర్తు ఉంటే అది ఇప్పటికే చేతులు చాలా మారి వచ్చిందని అర్థం.

పొరపాటున పంపేశాడనుకోండి. 'డిలీట్ ఫర్ ఎవ్రీవన్' రెండు రోజులు దాటాక కూడా కొంతసేపు పనిచేస్తుంది, కానీ అదొక్కటే చాలదు. అప్పటికే నొక్కినవాళ్లకు సంగతి తెలియాలి. గ్రూపులో పెట్టాల్సిన మెసేజ్‌ను పిల్లల చేత కాగితం మీద ఇలా రాయించండి: 'నేను పొద్దున పంపిన స్కాలర్‌షిప్ లింకు నకిలీది. అందులో ఆధార్, ఓటీపీ ఇచ్చినవాళ్లు వెంటనే ఇంట్లో చెప్పండి. సారీ.' చేత్తో ఒకసారి రాసినవాడికి రేపు అవసరమొస్తే సిగ్గు అడ్డురాదు. ఈ అభ్యాసం మానొద్దు.

నొక్కేశాక

ఎంతదాకా వెళ్లాడన్నదే ముందు తెలుసుకోవాలి. పేజీ తెరిచి ఏమీ ఇవ్వకపోతే మూసేస్తే సరి. పాస్‌వర్డ్ కొట్టి ఉంటే ఇంకో ఫోను నుంచి దాన్ని మార్చి, అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయాలి. యాప్ ఇన్‌స్టాల్ అయి ఉంటే ముందు ఫ్లైట్ మోడ్, వైఫై కూడా ఆపాలి, ఆ తర్వాత యాప్ తీసేయాలి. తీసేసే బటన్ పనిచేయకపోతే సెట్టింగ్స్‌లో డివైస్ అడ్మిన్ యాప్స్ దగ్గర దాని టిక్కు తీసి మళ్లీ ప్రయత్నించాలి. ఈలోగా పెద్దవాళ్లు ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పాలి.

డబ్బు పోయి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకు పేరు, ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు చేతిలో పెట్టుకుని చేయండి. ఆ తర్వాత సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో పూర్తి వివరాలు నింపాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు నిమిషాల్లో మారిపోతుంటుంది, ఇంకా బయటికి తీయని డబ్బునే ఆపగలరు. తిడతారని పిల్లవాడు రాత్రంతా దాచిపెడితే పోయేది ఆ సమయమే. అందుకని పెద్దలకూ ఒక పని ఉంది. 'నాన్నా, లింకు నొక్కేశాను, ఒకసారి చూడు' అనగానే 'ఎంతదాకా వెళ్లావు?' అన్నదే మొదటి మాటగా రావాలి. పిల్లవాడితో కలిసి పైకే రెండుసార్లు అని చూడండి.

ఇంటిపని: ఈ వారం ఇంటి ఫోన్లకు వచ్చిన 5 లింకులను నొక్కకుండా పట్టీల మీద ఎక్కించి, కత్తిరించి, పచ్చరంగు వేసి నోటుబుక్కులో అంటించాలి. ఒకటైనా అమ్మ ఫోనుదో అమ్మమ్మ ఫోనుదో ఉండాలి, దాన్ని వాళ్ల పక్కన కూర్చుని కత్తిరించాలి. 5వ పాఠం ఫోటోల మీద. స్కూలు యూనిఫామ్‌లో దిగిన ఫోటో ఒకటి తెచ్చుకోండి.