పార్కు స్థలం మున్సిపాలిటీ చేతికి రావాలంటే ఫైలు కదిపే ముందు చూసుకోవాల్సినవి

పై ప్రభుత్వం దగ్గరో, ఏదో ఒక శాఖ దగ్గరో ఉన్న పార్కు స్థలాన్ని మున్సిపాలిటీకో పంచాయతీకో ఇప్పించి, అక్కడ ఆటస్థలం, వాకింగ్ ట్రాక్, పిల్లల పార్కు కట్టించాలని తిరిగేవాళ్లు చాలామందే ఉంటారు. అందరి దృష్టీ బదిలీ ఆర్డరు మీదే. అది చేతికొస్తే పని అయిపోయినట్టే అనుకుంటారు. నన్నడిగితే ఆర్డరు కంటే దాని కింద రాసే షరతులే ముఖ్యం, ఎందుకంటే ఇరవై ఏళ్ల తర్వాత అక్కడ చెట్లుంటాయా షాపులుంటాయా అనేది తేలేది ఆ నాలుగు పేరాల్లోనే. కాబట్టి కౌన్సిలర్లయినా, కాలనీ సంఘం వాళ్లయినా, ఆఫీసులో ఫైలు రాసేవాళ్లయినా ముందు షరతుల సంగతి ఆలోచించి, ఆ తర్వాతే అర్జీ పెట్టండి.

మొదటి పని రికార్డు తిరగెయ్యడం. ఆ స్థలం ఎవరి పేరు మీద ఉంది, ఎవరి నుంచి ఎలా వచ్చింది, ఎవరైనా దానంగా ఇచ్చారా, ఇస్తే ఏ మాట మీద ఇచ్చారు. చాలాచోట్ల పార్కు నడిపేది ఒక శాఖ, భూమి మాత్రం ఇంకో శాఖది. నడిపే శాఖ దగ్గర ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం, తెచ్చుకుని సంబరపడితే అసలు యజమాని తర్వాత అభ్యంతరం పెడతాడు. మన దేశంలో అయితే అది అటవీ భూమా కాదా అనేది ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే 1980 నాటి అటవీ సంరక్షణ చట్టం ప్రకారం అడవి భూమిని వేరే పనికి వాడాలంటే కేంద్రం ముందస్తు అనుమతి కావాలి. పైకి పార్కులా కనిపిస్తున్నంత మాత్రాన ఆ చట్టం వదిలిపెట్టదు.

పాత కాగితాలు చూడకపోతే ఏమవుతుందో ఇంగ్లండ్‌లోని ష్రూస్‌బరీ ఊరు చూస్తే తెలుస్తుంది. అక్కడ 1926లో ప్రజల ఆటస్థలం కోసం తీసుకున్న భూమిలో ఒక ముక్కని టౌన్ కౌన్సిల్ 2017లో ఇళ్లు కట్టే కంపెనీకి అమ్మేసింది. అలాంటి బహిరంగ స్థలం అమ్మే ముందు స్థానిక పత్రికలో వరసగా రెండు వారాలు ప్రకటన వేసి అభ్యంతరాలు వినాలని అక్కడి 1972 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం చెప్తోంది. ఆ ప్రకటన వెయ్యలేదు. ఊరివాడొకరు కోర్టుకెళ్లారు. చివరికి 2023లో బ్రిటన్ సుప్రీంకోర్టు, ప్రకటన వెయ్యలేదు కాబట్టి ఆ భూమి మీద ప్రజలకున్న హక్కు అమ్మకంతో పోలేదని తేల్చి, అక్కడ ఇళ్లకిచ్చిన అనుమతిని కొట్టేసింది. రెండు వారాల పత్రికా ప్రకటన ఖర్చెంత, ఆ కేసు ఖర్చెంత?

రికార్డు తర్వాత సర్వే. ఇచ్చే శాఖ సర్వేయరూ, తీసుకునే సంస్థ సర్వేయరూ ఒకేరోజు కలిసి కొలవాలి, హద్దురాళ్లు అప్పుడే పాతించాలి, స్కెచ్ మీద ఇద్దరూ సంతకాలు పెట్టాలి. అంచుల్లో ఆక్రమణలుంటే అవి బదిలీకి ముందు ఎవరు తీయించాలి, తర్వాత ఎవరు చూసుకోవాలి అన్నది రాతలో ఉండాలి. దీని మీద నాకు కాస్త పట్టుదల ఎక్కువే. ఆక్రమణల తలనొప్పి వదిలించుకోవడానికే స్థలం ఇచ్చేస్తామని ముందుకొచ్చే శాఖలు కూడా ఉంటాయి మరి.

ఇక ఏ రూపంలో తీసుకోవాలి? పూర్తి యాజమాన్యం, దీర్ఘకాలపు లీజు, లేదా భూమి వాళ్లదిగానే ఉండి నిర్వహణ మాత్రం మనది. అందరూ మొదటిదే అడుగుతారు. కానీ జీతాలకే కటకటలాడే చిన్న సంస్థకి యాజమాన్యం వస్తే దాంతోపాటు కాంపౌండ్ గోడ, కరెంటు బిల్లు, వాచ్‌మన్, పడిపోయిన చెట్లు, కోర్టు కేసులు అన్నీ వస్తాయి. డబ్బు ఖాయంగా కనిపించేదాకా లీజే మేలు. కాకపోతే లీజు కాలం మరీ తక్కువుంటే గ్రాంటు ఇచ్చేవాళ్లు వెనక్కి తగ్గుతారు, కాబట్టి కట్టబోయే వాటి ఆయుష్షు కంటే లీజు కాలం ఎక్కువుండేలా అడగండి.

ఈ విషయంలో అమెరికా పద్ధతి చూడదగ్గది. అక్కడ 1926 నుంచే ఒక చట్టం ఉంది. వినోదానికీ ప్రజావసరాలకీ ప్రభుత్వ భూమిని స్థానిక సంస్థలకి లీజుకివ్వచ్చు, తక్కువ ధరకి అమ్మనూ వచ్చు. అయితే అడిగేవాళ్లు ఏం కడతారు, ఎప్పటికల్లా కడతారు, డబ్బు ఎక్కడిది అనే ప్లాన్ చూపించాలి. నేషనల్ పార్కుల భూమి మాత్రం ఆ చట్టం కిందికి రాదు. ఇంకో పథకం కింద కేంద్రానికి అక్కర్లేని స్థలాలని, పాత సైనిక స్థావరాలతో సహా, స్థానిక సంస్థలకి ఉచితంగానే ఇస్తారు. ముఖ్యమైన షరతు ఒక్కటే, శాశ్వతంగా ప్రజల పార్కుగానే ఉంచాలి. వాడకం ఎలా ఉందో రిపోర్టులు పంపుతుండాలి, మాట తప్పితే భూమి వెనక్కి పోవచ్చు. అర్జీతోపాటు ప్లాన్, గడువు, డబ్బు లెక్క మూడూ జతచేయమని అడగని చోట కూడా మీరే జతచేయండి. ఫైలు చూసే అధికారికి నమ్మకం కుదిరేది ఆ కాగితాలతోనే.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. షరతుల్లో "వినోద అవసరాలకు" అని ఊరికే రాసి వదిలేస్తారు. ఆ రెండు మాటల్లో ఫుడ్ కోర్టూ పడుతుంది, ఫంక్షన్ హాలూ పడుతుంది, టికెట్టు పెట్టి నడిపే వాటర్ పార్కూ పడుతుంది, అడ్డం తిరిగితే సినిమా హాలున్న మాల్ కూడా పడుతుంది. నవ్వకండి. న్యూయార్క్‌లో ఫ్లషింగ్ మెడోస్ పార్కు స్థలంలో స్టేడియం కోసం 1961లో చేసిన చట్టాన్ని చూపించి, ఆ పార్కింగ్ స్థలంలో పెద్ద షాపింగ్ మాల్ కట్టబోయారు. ఆ చట్టం స్టేడియం కోసమే గానీ మాల్ కోసం కాదని 2017లో అక్కడి పై కోర్టు ఆపేసింది. మన దగ్గర బెంగళూరులో పార్కుకి వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కి కేటాయిస్తే, ఆసుపత్రి కూడా ప్రజలకి పనికొచ్చేదే కదా అన్న వాదనని సుప్రీంకోర్టు 1991లో ఒప్పుకోలేదు. కోర్టులు కాపాడాయి, నిజమే, కానీ కోర్టుదాకా వెళ్లే ఓపిక ప్రతి ఊళ్లోనూ ఉండదు.

అందుకని ఒప్పందంలోనే విడమరిచి రాయించండి. ఏమేం కట్టొచ్చో పేర్లతో, మొత్తం విస్తీర్ణంలో కట్టడాలు ఎంత శాతం దాటకూడదో అంకెతో, ఎత్తెంతో, ప్రవేశం ఉచితమా కాదా, టికెట్టుంటే ఏ భాగానికి, ఆ డబ్బు ఏ ఖాతాకి వెళ్తుంది. క్యాంటీన్, సైకిల్ స్టాండ్ లాంటివాటికి అద్దెకివ్వచ్చా, ఇస్తే ఎన్నేళ్లకి. మళ్లీ వేరేవాళ్లకి బదలాయించకూడదు, తాకట్టు పెట్టకూడదు అని ఒక వాక్యం. ఉద్దేశం మారితే స్థలం పాత యజమానికి తిరిగి పోతుందని ఇంకో వాక్యం. ఈ రెండోదంటే స్థానిక నాయకులకి చిరాకే, మా చేతులు కట్టేస్తున్నారంటారు. కట్టెయ్యడానికే అది.

తప్పనిసరిగా కొంత భాగం రోడ్డుకో పైపులైనుకో పోతే ఏంటని అడుగుతారు. దానికీ దారి ఉంది. అమెరికాలో 1964 నాటి భూమి, నీటి సంరక్షణ నిధి చట్టం కింద గ్రాంటు తీసుకున్న పార్కు భూమిని వేరే పనికి మళ్లిస్తే, కనీసం అంత విలువున్న, అంతే ఉపయోగపడే వేరే భూమి పార్కుకి ఇవ్వాలి. అలాంటి మాటే మీ ఒప్పందంలో పెట్టించుకోండి.

ప్లాన్ గీసే ముందు నాలుగు పూటలు ఆ స్థలంలో కూర్చోండి. పొద్దున్నే నడిచేవాళ్లు, మధ్యాహ్నం చెట్టుకింద నిద్రపోయేవాళ్లు, సాయంత్రం బంతాట పిల్లలు, గేటు దగ్గర బండి పెట్టుకునేవాళ్లు, వీళ్లంతా ఇప్పటికే ఆ పార్కు వాడుకుంటున్నవాళ్లు. డిజైన్‌లో వాళ్లకి చోటు లేకపోతే గొడవ ఖాయం. వాన నీళ్లు ఎటు పారతాయో వానాకాలంలోనే చూడాలి. ఒకప్పుడు డంపింగ్ యార్డో, ఫ్యాక్టరీయో, ఆయుధ డిపోనో అయితే మట్టి పరీక్ష చేయించకుండా సంతకం పెట్టొద్దు, శుభ్రం చేసే ఖర్చు ఇచ్చేవాళ్లదే అని రాయించండి.

డబ్బు దగ్గర అందరూ కట్టడం ఖర్చే చెప్తారు. నీళ్లు, లైట్లు, టాయిలెట్ల శుభ్రం, మాలీల జీతాలు, విరిగిన ఊయల రిపేరు, ఇవి ఏటా వచ్చేవి. వీటికి విడిగా ఖాతా, బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలని కౌన్సిల్ తీర్మానంలోనే చేర్చండి. తీర్మానం కూడా "స్థలం కోరడమైనది" అని ఒక్క లైనుతో ముగించకుండా, సర్వే నంబరు, విస్తీర్ణం, వాడకం, నిర్వహణ బాధ్యత, షరతులకి అంగీకారం అన్నీ పేరుపేరునా రాయాలి. పబ్లిక్ నోటీసు చట్టం అడిగినా అడగకపోయినా వెయ్యండి, వచ్చిన ప్రతి అభ్యంతరానికీ రాతపూర్వకంగా జవాబివ్వండి. ఆ జవాబులే రేపు కోర్టులో మీ పక్షాన నిలబడతాయి.

సంతకాలయ్యాక స్వాధీనం తీసుకునే రోజున ఫొటోలు, పంచనామా, చెట్ల లెక్క, ఉన్న కట్టడాల జాబితా. రికార్డుల్లో పేరు మార్పు వెంటనే చేయించండి, అధికారి మారితే మళ్లీ మొదటి నుంచి తిరగాలి. పెద్ద టెండరు కోసం ఎదురుచూడకుండా మొదటి నెలల్లోనే గేటు, లైట్లు, తాగునీళ్లు, టాయిలెట్లు పెట్టెయ్యండి, జనం వచ్చేచోటికి ఆక్రమణ రావడం కష్టం. గేటు పక్కన సర్వే స్కెచ్చూ, ముఖ్యమైన షరతులూ బోర్డు మీద రాయించండి, ఒప్పందం కాపీ ఒకటి వార్డు ఆఫీసులో ఎవరడిగినా చూపించేలా ఉంచండి.