చెన్నైకి రాక్ షో చూడబోయే నెల్లూరు వాళ్ళకి

కర్ణాటక కీర్తనల్ని రాక్‌తో కలిపి వాయించే అగం లాంటి బ్యాండ్ కొత్త ఆల్బమ్‌తో చెన్నై వస్తుంటే, నెల్లూరులో రైలెక్కగానే ఆ ఆల్బమ్ మొదటి పాట నుంచి వరసగా వినండి. దాదాపు 175 కిలోమీటర్ల దారి, రెండుసార్లు వినొచ్చు. కీర్తన గిటార్ల మీద ఎక్కడ మలుపు తిరుగుతుందో చెవికి పట్టుబడితే, స్టేజీ మీద దాన్ని సాగదీసి వాయించినప్పుడు ఒళ్ళు పులకరిస్తుంది.

చెవులు మాత్రం జాగ్రత్త! 100 డెసిబెల్స్ మోతని 15 నిమిషాలకు మించి వినకూడదంటారు, షో ఏమో గంటల తరబడి. మెడికల్ షాపులో ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ కొనుక్కోండి. సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపల పెట్టి, ఉబ్బేదాకా వేలితో అదిమి పట్టుకోవాలి. పాట ఎక్కడికీ పోదు, మోతే తగ్గుతుంది. నిలబడేది స్పీకర్ల ముందు కాదు, సౌండ్ మిక్సర్ దగ్గర. అక్కడ కూర్చున్నాయన తన చెవికి సరిపెట్టుకునే శబ్దమే మీకూ వినిపిస్తుంది.