పొద్దున పోయి రాత్రి వచ్చేవాళ్లు ఏ జీవిని పెంచుకోవాలి? ఎలా ఎంచుకోవాలి?

ఏప్రిల్ చివర్లో ఒక మధ్యాహ్నం, కర్నూలులో నేనుండే మిద్దె మీది ఇంట్లో రెండు కుందేళ్లు వడదెబ్బకు చనిపోయాయి. అప్పుడు నేను ల్యాబ్‌లో డ్యూటీలో ఉన్నాను. పొద్దున ఏడింటికి వెళ్లి రాత్రి తొమ్మిదికి వచ్చే ఉద్యోగం నాది. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎంతసేపటికి వచ్చిందో కూడా నాకు తెలియదు. కొన్న చోట "వీటితో పెద్ద పనేం ఉండదు, నాలుగు క్యారెట్లు వేస్తే చాలు" అన్నారు. నేను ఇంకేమీ అడగకుండా తెచ్చుకున్నాను.

మేత వేయడానికి పది నిమిషాలు చాలన్నది నిజమే. కానీ కుందేలుకు చల్లని గది కావాలి, రోజంతా నమలడానికి ఎండుగడ్డి కావాలి, మేత మానేస్తే అదే రోజు గమనించే మనిషి కావాలి. ఒక్క పూట తినకపోయినా దాని పేగుల కదలిక ఆగిపోయే ప్రమాదం ఉంది. అందుకే "పని తక్కువ ఉండే పెంపుడు జంతువు ఏది?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతాను. అది మీ కోసం ఎంతసేపు ఎదురుచూడాలి? మీరు రెండు గంటలు ఆలస్యంగా వస్తే దానికి ఏమవుతుంది?

మీ వారాన్ని కాగితం మీద పెట్టండి

మామూలు రోజును కాదు, అన్నిటికంటే కష్టమైన రోజును రాయండి. అనంతపురం నుంచి పెనుకొండ దగ్గరి కార్ల ఫ్యాక్టరీకి బస్సులో పోయి వచ్చేవాళ్లకు ప్రయాణం కూడా డ్యూటీ కిందే లెక్క. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో షిఫ్టులు మారుతుంటాయి. గుంతకల్లులో రైలు నడిపేవాళ్లు ఒకసారి బయలుదేరితే మర్నాటికి గానీ ఇల్లు చేరకపోవచ్చు. మూడు అంకెలు తేలాలి: ఇంట్లో ఎవరూ లేకుండా వరసగా గడిచే గంటలు ఎన్ని, మీరు మెలకువగా, ఓపికగా ఉండే నిమిషాలు రోజుకు ఎన్ని, నెలలో ఊరికి పోయే రోజులు ఎన్ని.

వాటి పక్కనే ఒక పేరు రాయండి. మీ తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది? మా కింది వాటాలో ఉండే అక్క దగ్గర నాది ఉంటుంది. అలా రాయడానికి ఒక్క పేరూ లేకపోతే చేపల దగ్గరే ఆగండి. అద్దె ఇల్లయితే ఇంటి ఓనరును ముందే అడగండి. తెచ్చాక వద్దంటే చివరికి వీధిన పడేది ఆ ప్రాణే.

ఇంటి వేడిని, నీళ్లను చూసుకోండి

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఈ లెక్క తప్పించుకోలేం. మే నెలలో 42 డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. పై అంతస్తులో, పడమటి గోడ ఉన్న గదిలో సాయంత్రం కూడా వేడి తగ్గదు. ఆ రోజులోని ఎక్కువ, తక్కువ వేడిని గుర్తుపెట్టుకునే చిన్న డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొని, ఆ ప్రాణిని ఉంచాలనుకున్న చోట, నేలకు దగ్గరగా వారం రోజులు పెట్టండి. రాత్రి వచ్చి చూస్తే మీరు లేనప్పుడు గది ఎంత కాగిందో తెలుస్తుంది. నేను కుందేళ్లను తేవడానికి ముందు చేయాల్సిన పని అది. కుందేళ్లకు 30 డిగ్రీలు దాటినా ప్రమాదమే. హ్యామ్‌స్టర్లు, గినీ పందులు, చప్పిడి ముక్కు పర్షియన్ పిల్లులు కూడా మన ఎండకు తట్టుకోలేవు. హస్కీ కుక్కల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నీళ్ల సంగతికొస్తే, చాలా ఇళ్లలో బోరు నీళ్లు గట్టిగా, ఉప్పగా ఉంటాయి. కొళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. చేపలు పెంచాలంటే రెండూ తెలిసి ఉండాలి.

వెంటనే పక్కన పెట్టాల్సినవి

కుక్కపిల్ల. రెండు నెలల పిల్ల మూడు గంటలకు మించి ఒంటికి ఆపుకోలేదు. పెద్ద కుక్కకైనా ఎనిమిది గంటలే ఎక్కువ. పన్నెండు గంటలు తలుపు వేసుకుని పోయే ఇంట్లో కుక్కను ఉంచడం దానికి శిక్ష. ఇంట్లో ఇద్దరుండి, షిఫ్టులు వేరువేరు అయితే మన నాటు కుక్కల్లో వయసొచ్చినదాన్ని తెచ్చుకోవచ్చు. ఒంటరిగా ఉండేవాళ్లకు మాత్రం వద్దు.

రామచిలుక, మైనా, నక్షత్ర తాబేలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వీటిని ఇంట్లో పెంచడం నేరం. నక్షత్ర తాబేలు మన మెట్ట పొలాల్లో, ముళ్లపొదల్లో కనిపించే జీవి. ఇంట్లో ఉంటే కలిసొస్తుందని తెచ్చుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది బతకాల్సింది ఆ పొదల్లోనే. ఇప్పటికే మీ దగ్గర ఉంటే అటవీ శాఖ వాళ్లకు అప్పగించండి.

రూపాయి నాణెమంత ఉందని మురిపించి అమ్మే ఎర్రచెవుల తాబేలు కూడా వద్దు. అది పళ్లెమంత పెరుగుతుంది, ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది, తొట్టిని రోజూ మురికి చేస్తుంది. భరించలేక కె.సి. కెనాల్‌లోనో చెరువులోనో వదిలితే అక్కడి తాబేళ్ల మేతకు పోటీ అవుతుంది.

గోల్డ్ ఫిష్ కూడా తేలిక కాదు. గాజు గిన్నెలో అందంగా కనిపిస్తుంది గానీ దానికి పెద్ద తొట్టి, గట్టి ఫిల్టరు కావాలి.

లవ్ బర్డ్స్ పేరుతో మన దగ్గర అమ్మే బడ్జీ పక్షులను మాత్రం పూర్తిగా పక్కన పెట్టనక్కర్లేదు, ఒక జతగా పెంచుకోవచ్చు. ఒకదానికొకటి తోడు. కొర్రలు మన దగ్గర పండేవే కాబట్టి గింజకు ఇబ్బంది లేదు, కాకపోతే రోజూ ఆకుకూర కూడా పెట్టాలి. పంజరం, నీళ్ల గిన్నె రోజూ కడగాలి. కడిగే ఓపిక రాత్రి తొమ్మిదింటికి మిగలదనుకుంటే వద్దు.

నా సలహా: ఒక్క ఫైటర్ చేప, 20 లీటర్ల తొట్టి

పొద్దుపోయి ఇంటికి వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. ఫైటర్ చేప ఒంటరిగా ఉండటానికే ఇష్టపడుతుంది. రెండు మగవాటిని కలిపితే కొట్టుకుంటాయి. నీటి పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకునే అవయవం దానికి ఉంది. అందుకే మధ్యాహ్నం కరెంటు పోయి ఫిల్టరు ఆగినా మిగతా చేపల్లా వెంటనే ఉక్కిరిబిక్కిరి కాదు. మనం వచ్చేదాకా అది దాని లోకంలో అది ఉంటుంది. నాకు కావలసింది కూడా అదే.

అయితే దుకాణాల్లో చేతిలో పట్టే గ్లాసులో పెట్టి అమ్మే పద్ధతిని ఇంట్లో కొనసాగించకండి. కనీసం 20 లీటర్లు ఉండాలి, పైన మూత ఉండాలి. ఇది ఎగిరి బయట పడే చేప. తొట్టిని పడమటి గోడకు దూరంగా, ఎండ పడని లోపలి గదిలో, నేలకు దగ్గరగా పెట్టండి. రెండు ఇటుకల వరసల మీద కడప బండ వేస్తే మంచి పీట అవుతుంది. నీళ్లు, గులకరాళ్లు, గాజు కలిపి పాతిక కేజీలు దాటుతుంది కాబట్టి అలమరలో గోడకు దిగేసిన పల్చటి బండ మీద పెట్టవద్దు.

ఇప్పుడు అసలు ఓపిక కావలసిన పని. నీళ్లు నింపిన రోజే చేపను వేయకూడదు. చేప వదిలే మలం, మిగిలిన మేత కుళ్లి అమ్మోనియా అవుతుంది. అది చేపకు విషం. ఫిల్టరు స్పాంజిలో పెరిగే మంచి బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను ముందు నైట్రైటుగా, తర్వాత పెద్దగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అన్నాళ్లూ ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత ఖాళీ తొట్టిలో వేయండి. టెస్ట్ కిట్‌తో చూస్తే అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు వచ్చి, నైట్రేటు కనిపించడం మొదలయ్యాకే చేపను తెచ్చుకోండి. ఈ నెలన్నర మీకూ పరీక్షే. ఖాళీ తొట్టికి రోజూ మేత వేయడం, ఆదివారం నీళ్లు చూడడం మరిచిపోతుంటే చేపను కొనకండి. ఏ ప్రాణీ బాధపడక ముందే సంగతి తేలిపోతుంది.

కొళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టే చుక్కల మందు కలిపి వాడండి. ఆర్‌ఓ నీళ్లు మాత్రమే పోస్తే ఖనిజాలు ఉండవు, చేప నీరసిస్తుంది. బోరు నీళ్లు బాగా గట్టిగా ఉంటే సగానికి సగం ఆర్‌ఓ కలపండి. ఎండాకాలం ఆవిరైపోయిన నీటికి బదులు పోసేటప్పుడు మాత్రం ఆర్‌ఓ నీళ్లే పోయాలి. నీరు ఆవిరవుతుంది, ఉప్పు తొట్టిలోనే మిగిలిపోతుంది. మళ్లీ బోరు నీళ్లే పోస్తూ ఉంటే ఉప్పు పెరుగుతూ పోతుంది.

నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల మధ్య ఉంటే దానికి హాయి. మే నెలలో మూత తీసి సన్న జాలీ వేసి, ఫ్యాను గాలి నీటి మీద తగిలేలా పెడితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. ఐసు గడ్డలు వేయకండి, ఒక్కసారిగా చల్లబడితే చేప తట్టుకోలేదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో నీళ్లు 24 కంటే దిగితే చిన్న హీటరు పెట్టండి.

ఆపైన పని చాలా తక్కువ. రోజుకు రెండు పూటలా రెండు మూడు గింజల మేత. ఆదివారం పావు వంతు, అంటే 5 లీటర్లు తీసి కొత్త నీళ్లు పోయడం. ఫిల్టరు స్పాంజిని తీసిన నీళ్లలోనే పిండాలి. కొళాయి కింద కడిగితే క్లోరిన్‌కు బ్యాక్టీరియా చచ్చి, మళ్లీ మొదటికి వస్తుంది.

నాలుగైదు చేపలు కదులుతుంటే చూడాలని ఉంటే గప్పీలు మన గట్టి నీళ్లకు బాగా సరిపోతాయి. 40 లీటర్ల తొట్టిలో ఆరు మగవి చాలు. ఆడవాటిని కలిపారంటే నెల నెలా పిల్లలే.

పిల్లి కావాలంటే రెండు, అవి కూడా పెద్దవి

రోజుకు ముప్పావుగంట ఇవ్వగలిగి, తాళంచెవి దగ్గర ఒక పేరు ఉన్నవాళ్లకు పిల్లి సరిపోతుంది. కూన మాత్రం వద్దు. అది రోజంతా ఆడాలి, ఎక్కాలి, పడాలి. రెండేళ్లు దాటిన నాటు పిల్లి పగలు ఎక్కువ భాగం నిద్రపోతుంది. ఇప్పటికే కలిసి పెరిగిన రెండు దొరికితే మీరు లేని పన్నెండు గంటలు ఒకదానికొకటి ఉంటాయి. ఆపరేషన్ చేయించినవి, రేబిస్ టీకా పడినవి తీసుకోండి. టీకా ఏటా వేయించాలి.

పాలు, అన్నం పెడితే పిల్లి బతుకుతుందని మన ఇళ్లలో ఒక నమ్మకం. పిల్లికి మాంసం తప్పదు. టారిన్ అనే పదార్థం అందకపోతే దాని కళ్లు, గుండె దెబ్బతింటాయి. అది ప్రధానంగా మాంసం, చేపల్లో ఉంటుంది. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు కూడా. శాకాహారుల ఇళ్లయితే పిల్లి మేత ప్యాకెట్లు ఇంట్లో పెట్టుకోవడానికి అందరూ ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చుకోండి. రెండు పిల్లులకు మూడు ఇసుక పెట్టెలు, పొద్దున, రాత్రి శుభ్రం చేయడం, మూడు చోట్ల నీళ్లు, బాల్కనీకి జాలీ. వంటింటి బండల నేల చల్లగా ఉంటుంది కాబట్టి ఆ తలుపు తెరిచి పోండి.

ఎక్కువ గంటలు బయట ఉండేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. మగ పిల్లి ఇసుక పెట్టెలో మళ్లీ మళ్లీ కూర్చుని మూత్రం రాక అరుస్తుంటే రేపు చూద్దాం అనుకోకండి. అది ఆ రోజే డాక్టరు చూడాల్సిన కేసు. ఇంట్లో ఉన్న పారాసిటమాల్ ముక్క కూడా వేయకండి, పిల్లికి అది ప్రాణాంతకం. అందుకే పిల్లిని తెచ్చే ముందే డాక్టరును వెతుక్కోవాలి. ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి వెళ్లి, పిల్లులను చూస్తారా, సాయంత్రం ఎన్నింటి దాకా ఉంటారు అని అడిగి రండి. కడప వైపు వాళ్లకు ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది.

ఇవేవీ కుదరకపోతే

మిద్దె పిట్టగోడ మీద నీడ పడే చోట వెడల్పాటి మట్టి చట్టిలో నీళ్లు, పక్కన గుప్పెడు కొర్రలు లేదా సజ్జలు పెట్టండి. చట్టి లోతు తక్కువగా ఉండాలి, మధ్యలో ఒక రాయి వేయాలి. దోమలు గుడ్లు పెట్టకుండా రోజూ నీళ్లు మార్చాలి. కుందేళ్లు పోయాక ఏడాది పాటు నేను చేసింది ఇదే. పిచ్చుకలు, గోరింకలు, ఒక ఉడుత వచ్చేవి. నేను ఆలస్యంగా వచ్చినా వాటికి ఏ లోటూ లేదు.

ఊరికి పోయేటప్పుడు

ఆరోగ్యంగా ఉన్న చేప రెండు మూడు రోజులు మేత లేకుండా ఉండగలదు. శని, ఆదివారాలకు ఎవరినీ ఇబ్బంది పెట్టనక్కర్లేదు. సంక్రాంతికి వారం రోజులు పోతుంటే మేతను చిన్న కాగితం పొట్లాలు కట్టి, ఒక్కో దాని మీద తేదీ రాసి పక్కింటివాళ్లకు ఇవ్వండి. రోజు విడిచి రోజు ఒకటి చాలు. మేత డబ్బా మాత్రం బీరువాలో పెట్టి తాళం వేసి పోండి. నేను మొదటిసారి డబ్బానే ఇచ్చి వెళితే, పాపం ఆకలిగా చూస్తోందని అక్క పూటకు రెండుసార్లు వేసింది. తిరిగొచ్చేసరికి నీళ్లు పాలలా తెల్లగా ఉన్నాయి.