బ్యాటర్ల గణాంకాలను ఎలా చదవాలి, ఎలా పోల్చాలి?

ఇద్దరు బ్యాటర్లలో ఎవరు మేటి అన్న చర్చ రాగానే అందరూ మొత్తం పరుగులు చూస్తారు. పోలికకు అన్నిటికన్నా తక్కువగా పనికొచ్చే అంకె అదే, ఎందుకంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడినవారికి ఎక్కువ పరుగులుండటం సహజం.

కాబట్టి మొదట టెస్టులు, వన్డేలు, టీ20ల లెక్కలను విడదీసుకోండి. వీటిని కలిపి తీసే సగటుకు అర్థం లేదు.

తర్వాత సగటు చూడండి. మొత్తం పరుగులను ఇన్నింగ్స్‌ల సంఖ్యతో కాక, అవుటైన సార్లతో భాగిస్తే సగటు వస్తుంది. ఆస్ట్రేలియా బ్యాటర్ డాన్ బ్రాడ్‌మన్ 80 టెస్టు ఇన్నింగ్స్‌లలో 10 సార్లు నాటౌట్‌గా, అంటే అవుట్ కాకుండా, నిలిచి 6996 పరుగులు చేశాడు. 6996ను 70తో భాగిస్తే 99.94. 1948లో ఓవల్‌లో ఆడిన చివరి ఇన్నింగ్స్‌లో సున్నాకే వెనుదిరగకుండా నాలుగు పరుగులు చేసి అవుటై ఉంటే ఆ సగటు సరిగ్గా 100 అయ్యేది. గాయంతో మధ్యలోనే వైదొలిగినా (రిటైర్డ్ హర్ట్) లెక్కలో అది నాటౌటే.

అసలు జాగ్రత్త పడవలసింది ఈ నాటౌట్ల దగ్గరే. వన్డేల్లో ఆస్ట్రేలియా బ్యాటర్ మైఖేల్ బెవాన్ సగటు 53.58, సచిన్ టెండూల్కర్ సగటు 44.83. అయితే బెవాన్ 196 ఇన్నింగ్స్‌లలో 67 సార్లు, అంటే మూడింట ఒక వంతుకు పైగా, అజేయంగా నిలిచాడు. సచిన్ 452 ఇన్నింగ్స్‌లలో 41 సార్లే నాటౌట్. అదే పరుగులను ఇన్నింగ్స్‌లతో భాగించి చూస్తే సచిన్‌కు దాదాపు 40.8, బెవాన్‌కు 35.3 వస్తాయి. అంతమాత్రాన బెవాన్‌ను తక్కువ చేయడం అన్యాయం. సచిన్ ఎక్కువగా ఓపెనర్‌గా ఆడాడు, బెవాన్ మిడిలార్డర్‌లో మిగిలిన ఓవర్లతోనే ఆట ముగించవలసి వచ్చేది. అందుకే ఓపెనర్‌ను ఓపెనర్‌తో, ఫినిషర్‌ను ఫినిషర్‌తో పోల్చడమే సరైన పద్ధతి.

ఇక స్ట్రైక్ రేటు. వంద బంతులకు ఎన్ని పరుగులో ఇది చెబుతుంది; వైడ్‌ను ఎదుర్కొన్న బంతిగా లెక్కించరు, నోబాల్‌ను లెక్కిస్తారు. టెస్టుల్లో రాహుల్ ద్రవిడ్ సగటు 52.31, స్ట్రైక్ రేటు 42.51, వీరేంద్ర సెహ్వాగ్‌కు అవి 49.34, 82.23. సగటులో పెద్దగా తేడా లేని ఈ ఇద్దరూ జట్టుకు ఉపయోగపడిన తీరు పూర్తిగా వేరు, కనుక ఐదు రోజుల ఆటలో స్ట్రైక్ రేటును ప్రతిభకు కొలమానంగా కాక ఆటతీరుకు గుర్తుగా చూడాలని నా అభిప్రాయం. జట్టుకు 120 బంతులే ఉండే టీ20ల్లో మాత్రం సగటు ఎంత మెరుగ్గా ఉన్నా, స్ట్రైక్ రేటు తక్కువైతే అది భారమే.

చివరగా స్వదేశం, విదేశం, ప్రత్యర్థి, ఛేదన వారీగా అంకెలను విడగొట్టండి, కానీ ఐదారు ఇన్నింగ్స్‌ల ముక్కపై తీర్పు చెప్పకండి. వేర్వేరు కాలాలవారిని పోల్చేటప్పుడు, ఒక్కొక్కరి సగటును అవే మ్యాచ్‌లలో ఆడిన మిగతా టాపార్డర్ బ్యాటర్ల సగటు పక్కన పెట్టి, తేడా ఎంతో చూడండి.