ఎండాకాలం చేపల సర్వేకి వెళ్తున్నారా, వల వేసి వదిలేసి రావొద్దు

పోయిన వారం శ్రీశైలం బ్యాక్‌వాటర్ పక్కన ఒక మడుగులో ఒక టీమ్ సాయంత్రం గిల్ నెట్ (చేప మొప్పల దగ్గర ఇరుక్కునే వల) వేసి ఊళ్లోకెళ్లి పడుకుని పొద్దున ఏడింటికి తీశారట. ఐదు సైలోనియా జెల్లలు పడ్డాయి, ఐదూ చచ్చిపోయాయి. ఆ ఫోటోలు చూశాక నాకు ఆ పూట అన్నం సహించలేదు. తెలియనివాళ్లకి, సైలోనియా చిల్డ్రెనీ అంటే కృష్ణ, గోదావరి, కావేరి లాంటి మన వైపు నదుల్లోనే ఉండే జెల్ల, ప్రపంచవ్యాప్తంగా జీవజాతుల స్థితిని చూసే ఐయూసీఎన్ సంస్థ లిస్టులో ఎండేంజర్డ్, అంటే అంతరించే ప్రమాదంలో ఉన్నవాటి కింద ఉంది. ఎన్ని మిగిలాయో చూద్దామని వెళ్లి మనమే చంపుకున్నాం.

లైఫ్ జాకెట్, టోపీ, మంచినీళ్లు, ఫారెస్ట్ పర్మిషన్ ఇవన్నీ మీకు తెలుసు, వాటి జోలికి పోను.

నేను చూసినంతలో సర్వేలని నాశనం చేసేది ఒకటే, రాత్రి వల వేసి వదిలేయడం. శ్రీశైలం నీళ్లలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడే రోజులకి నీళ్లు వెనక్కెళ్లిపోయి మడుగులు విడిపోతాయి, చేపలన్నీ అందులోనే ఇరుక్కుంటాయి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడితే 30 డిగ్రీలకి 7.5 మాత్రమే పడుతుంది, అదీ నీళ్లలో ఆక్సిజన్ నిండుగా కరిగి ఉంటే. రాత్రిపూట నాచు కూడా దాన్నే వాడేసుకుంటుంది కాబట్టి తెల్లవారుజామున అన్నిటికంటే తక్కువ ఉంటుంది, సరిగ్గా అప్పుడే చేప వలలో మొప్పలు బిగుసుకుపోయి ఉంటుంది. ఎలా బతుకుతుంది చెప్పండి.

అందుకే అరగంటకోసారి పుట్టి వేసుకెళ్లి వల ఎత్తి చూడాలి. టీ తాగొస్తాం అన్నా కుదరదు. మనిషి లేకపోతే వల నీళ్లలో ఉండకూడదు, అంతే.

చేప దొరికాక చెయ్యి తడుపుకునే పట్టుకోండి, పొలుసుల్లేని చేపకి ఒంటి మీద జిగురే కాపలా, పొడి చెయ్యి తగిలితే అది ఊడొస్తుంది. రెక్క ముల్లు ఇరుక్కుంటే లాగొద్దు, వల కత్తిరించండి. కొలత, ఫోటో ఒక్క నిమిషంలో అయిపోవాలి. తోక పట్టి వేలాడదీయొద్దు. గట్టున ఒండ్రు పైకి ఎండినట్టే కనిపిస్తుంది, కింద నడుం లోతు బురద ఉంటుంది, కర్రతో పొడిచి చూసి అడుగు వేయండి. మొసళ్లు ఉన్న చోట నీళ్లలో కూర్చుని పని చేయొద్దు. ఒక మడుగులో వాడిన వల బాగా ఎండకుండా ఇంకో మడుగులో దించొద్దు, రోగాలు మోసుకెళ్తాం. జీపీఎస్ పాయింట్లు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొద్దు, చిన్న పిల్లల్ని కూడా వదలకుండా ఊడ్చేసే అలివి వలలవాళ్ల దాకా వెళ్లిపోతాయి. చీకటి పడేలోపు వల బయటికి రావాలి, మళ్లీ చెప్తున్నా, చీకటి పడేలోపు. తీశాక బెండ్లు (వలని తేల్చే ముక్కలు) లెక్కపెట్టండి, వల ఒక్క ముక్క తెగి లోపల ఉండిపోయినా తీసేవాళ్లు లేక రోజుల తరబడి చేపల్ని పడుతూనే ఉంటుంది.