గ్యాలరీ ఓనర్లు సొంత కలెక్షన్‌ని యూనివర్సిటీకి ఇవ్వాలంటే ఏం చూసుకోవాలి

గ్యాలరీ నడిపేవాళ్ళ దగ్గర రెండు రకాల బొమ్మలుంటాయి, అమ్మకానికి పెట్టినవీ, అమ్మబుద్ధి కాక ఇంటికి తెచ్చుకున్నవీ. ఇచ్చేద్దామనుకోగానే ముందు ఈ రెండిటినీ కాగితాల మీద విడదీయండి. అమెరికాలో అయితే దీని మీదే ట్యాక్స్ లెక్కంతా ఉంది: గ్యాలరీ స్టాక్ కింద ఉన్న బొమ్మ ఇస్తే మినహాయింపు దాదాపు కొన్న ధర వరకే వస్తుంది, అదే సొంతానికి ఏడాదికి పైగా ఉంచుకున్నదైతే, యూనివర్సిటీ కూడా దాన్ని చదువుకో ప్రదర్శనకో వాడేదైతే, ఇవాళ్టి మార్కెట్ ధర మీద అడగొచ్చు. 5,000 డాలర్లు దాటిన మినహాయింపుకి బయటి అప్రైజర్, అంటే విలువ కట్టే నిపుణుడు, ఉండాల్సిందే, మీరెంత తలపండిన డీలరైనా మీ బొమ్మకి మీరే రేటు కడితే చెల్లదు.

రేటు దగ్గర గొడవలు ఏ రేంజ్‌లో ఉంటాయంటే, గ్యాలరీ ఓనర్ ఇలియానా సొనాబెండ్ పోయాక ఆమె దగ్గరున్న, ఆర్టిస్ట్ రౌషెన్‌బర్గ్ చేసిన 'కాన్యన్' అనే పీసుకి వారసుల అప్రైజర్లు సున్నా విలువ వేశారు, ట్యాక్స్ వాళ్ళు 65 మిలియన్ డాలర్లన్నారు. దాంట్లో స్టఫ్ చేసిన బాల్డ్ ఈగిల్ అనే గద్ద ఉంది, చట్టం ప్రకారం దాన్ని అమ్మడానికే లేదు మరి! చివరికి 2012లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియానికి ఇచ్చేసి బయటపడ్డారు. మీ దగ్గర ఈకలు, ఏనుగు దంతం లాంటివున్న పీసులుంటే ముందే లాయర్‌కి చూపించండి.

తర్వాత లిస్టు. ఒక్కో బొమ్మనీ వెనక్కి తిప్పి ఫొటో తీయండి, అసలు సంగతంతా అక్కడే ఉంటుంది. పాత ఎగ్జిబిషన్ లేబుళ్ళు, చెక్క ఫ్రేమ్ మీద చాక్‌పీసుతో రాసిన నంబర్లు, కస్టమ్స్ స్టాంపులు, ఒక్కటి కూడా పీకొద్దు, "నీట్‌గా ఉంటుంది సార్" అని ఫ్రేమ్ వాడు అన్నా సరే. యూరప్ నుంచి వచ్చినవైతే 1933-45 మధ్య ఎవరి దగ్గరున్నాయో తేలాలి, నాజీలు దోచినవి కావని యూనివర్సిటీకి నమ్మకం కుదరాలి కదా.

ఏ యూనివర్సిటీ అన్నది గ్యాలరీ హాల్ చూసి తేల్చుకోకండి, స్టోర్ రూమ్ చూపించమనండి. అక్కడ తేమ ఎవరు చూస్తున్నారు, బొమ్మల రికార్డులు, రాకపోకలు చూసుకునే రిజిస్ట్రార్ ఉన్నారా, స్టూడెంట్లు అడిగితే బొమ్మ తీసి చూపిస్తారా. కాగితం మీద వేసినవాటికి వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటకూడదంటారు, అది కూడా తెలియని చోటికి వెళ్తే మీ వాటర్ కలర్ ఏ డీన్ గారి రూములోనో ఎండకి పాలిపోతుంది.

ఇక అగ్రిమెంట్, తొందరపడకూడనిది ఇక్కడే. స్టీగ్లిట్జ్ గ్యాలరీలు నడిపిన ఫొటోగ్రాఫర్, ఆయన పోయాక భార్య, పెయింటర్ జార్జియా ఓకీఫ్ 1949లో 101 పీసుల్ని నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీకి ఇచ్చింది, అమ్మకూడదు, విడదీయకూడదు అని షరతులు పెట్టి. ఆమె 1986లో పోయింది, తర్వాత యూనివర్సిటీకి డబ్బు కష్టాలొచ్చి 2005లో కొన్ని అమ్ముతామని కోర్టుకెళ్ళింది, ఏళ్ళ తరబడి నడిచి 2012లో ఆర్కన్సాస్‌లోని క్రిస్టల్ బ్రిడ్జెస్ మ్యూజియానికి సగం వాటా 30 మిలియన్ డాలర్లకి ఇచ్చారు, ఇప్పుడు కలెక్షన్ రెండు చోట్లా వంతులవారీగా ఉంటోంది. నన్నడిగితే తప్పు ఎవరిదన్నది కాదు, "ఎప్పటికీ" అని రాసిన షరతుకి ఖర్చెవరిదో కూడా పక్కనే రాయాలి. అందుకే షరతులు రెండో మూడో చాలు: మెయింటెనెన్స్ చేతకాకపోతే ఏ సంస్థకి వెళ్ళాలి, అమ్మితే ఆ డబ్బు మళ్ళీ బొమ్మలకే పెట్టాలా అన్నవి రాయండి. "అన్నీ ఎప్పుడూ గోడ మీదే ఉండాలి" లాంటివి వద్దు, కాగితపు బొమ్మలకి అదే శాపం. వీలైతే బొమ్మలతో పాటు కొంత ఎండోమెంట్, అంటే వాటి ఖర్చులకి మూలధనం, కూడా ఇవ్వండి.

కాపీరైట్ మామూలుగా ఆర్టిస్టుదే, బొమ్మతో పాటు మీకు రాలేదు, కాబట్టి యూనివర్సిటీకీ పోదు, వాళ్ళ కేటలాగ్‌కి పర్మిషన్లు కావాలి, మీ దగ్గరున్న అడ్రసులు ఇచ్చేయండి. ఉత్తరాలు, బిల్లులు కూడా పారేయకండి, రీసెర్చ్ చేసేవాళ్ళు కొన్నిసార్లు బొమ్మకన్నా వాటికోసమే వస్తారు.

ప్యాకింగ్ రోజున మీరూ యూనివర్సిటీ వాళ్ళూ కలిసి ఒక్కో పీసుకి కండిషన్ రిపోర్ట్ (అప్పటికి అదెలా ఉందన్న నోట్) రాసి సంతకాలు పెట్టుకోండి. మీ గోడ మీంచి దించినప్పటినుంచి వాళ్ళ స్టోర్ రూమ్‌లో చేరేదాకా ఇన్సూరెన్స్ ఎవరి పేరు మీదుందో లారీ ఎక్కించేముందే కాగితం మీద ఉండాలి.